లండన్‌లో గాంధీగారి లెక్కల పుస్తకం

పరాయి దేశం వచ్చిన కొత్తలో మనలో చాలామందిని పీడించేవి రెండే. ఒకటి, ఊళ్ళో చేసొచ్చిన అప్పు. రెండోది, ఇక్కడి తిండి. చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళకైనా, కంపెనీ క్యాంపులో నలుగురితో గది పంచుకునే అన్నదమ్ములకైనా ఈ రెండూ తప్పవు. నెల జీతం చేతికొచ్చిన నాలుగో రోజుకే ఎటుపోయిందో తెలియక తల పట్టుకునే వాళ్ళూ ఉన్నారు. కడుపు కట్టుకుని ఇంటికి పంపి, చివరికి జబ్బున పడ్డ వాళ్ళూ ఉన్నారు.

సరిగ్గా ఈ బాధలతోనే 1888లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు ఓడెక్కి లండన్‌లో దిగాడు. పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. మనకి తెలిసిన గాంధీగారు బోసి నవ్వుతో, చేతికర్రతో ఉంటారు. ఆ కుర్రాడు మాత్రం అచ్చం మనలాంటి వాడు. తప్పులు చేశాడు, డబ్బు తగలేశాడు, ఆకలితో అలమటించాడు, ఆ తర్వాత దారిలో పడ్డాడు. ఎలా పడ్డాడో చూస్తే మనకి పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

అప్పు మీద ప్రయాణం

మోహన్‌దాస్ 1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో పుట్టాడు. తండ్రి 1885లో పోయారు. దివాన్‌గిరీ చేసిన కుటుంబమే గానీ వెనకేసుకున్నది తక్కువ. ఇంగ్లండ్ వెళ్ళి బారిస్టర్ చదివితే బాగుపడతాడని కుటుంబానికి దగ్గరి పెద్దమనిషి ఒకాయన సలహా ఇచ్చారు. నాలుగైదు వేల రూపాయల ఖర్చని అంచనా వేశారు. అంత డబ్బెక్కడిది? భార్య కస్తూర్బా నగలు అమ్మితే రెండు మూడు వేలు రావచ్చని కూడా మోహన్‌దాస్ లెక్కేశాడు. చివరికి అన్న లక్ష్మీదాస్ ఆ భారం తన నెత్తిన వేసుకున్నాడు.

తల్లి పుత్లీబాయి బెంగ వేరు. పరాయి దేశంలో కొడుకు చెడిపోతాడేమోనని ఆమె భయం. మాంసం, మద్యం, పరస్త్రీ జోలికి పోనని ప్రమాణం చేశాకే వెళ్ళనిచ్చింది. ఇంట్లో నెలల పిల్లాడు. భార్యనీ, బిడ్డనీ వదిలి బొంబాయి వెళితే అక్కడ కులపెద్దలు పంచాయితీ పెట్టారు. సముద్రం దాటితే వెలి వేస్తామన్నారు, వేశారు కూడా. అతనికి సాయం చేసినా, ఓడ దగ్గరికి సాగనంపడానికి వెళ్ళినా రూపాయి నాలుగణాలు జరిమానా అని చాటారు. దాంతో ప్రయాణం డబ్బు దాచిపెట్టిన బావ భయపడి ఇవ్వనన్నాడు. ఒక స్నేహితుడి దగ్గర అప్పు తీసుకుని, అన్న దగ్గర వసూలు చేసుకొమ్మని చెప్పి, సెప్టెంబర్ 4న ఓడెక్కాడు. అప్పు చేసి విమానం ఎక్కిన మనవాళ్ళకి ఈ కథ కొత్తగా అనిపించదు.

కడుపు మాడిన రోజులు

లండన్‌లో దిగీ దిగగానే విక్టోరియా హోటల్‌లో బస. అక్కడి తిండి సగం తినలేకపోయాడు, బిల్లు మాత్రం 3 పౌండ్లయింది. గుండె గుభేలుమంది. అప్పటి లెక్కలో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

తెలిసినవాళ్ళ సలహాతో మొదట రిచ్‌మండ్‌లో ఒక మిత్రుడి దగ్గర, తర్వాత వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట్లో భోజనం, బస కుదిరాయి. పొద్దున ఓట్ల జావ కాబట్టి ఎలాగో కడుపు నిండేది. మధ్యాహ్నం, రాత్రి మాత్రం ఉడికించిన పాలకూర, రొట్టె, జామ్. ఉప్పూ కారం లేని కూరలు. రెండు మూడు ముక్కల కంటే ఎక్కువ అడగాలంటే సిగ్గు. ఇంటావిడ కూతుళ్ళు జాలిపడి ఇంకో ముక్క వడ్డించేవాళ్ళు. మొత్తం రొట్టె పెట్టినా తినేసేంత ఆకలి అతనిది!

మాంసం తింటే ఈ బాధ ఉండదు కదా అని మిత్రులు రోజూ పోరేవారు. అమ్మకిచ్చిన మాట తప్పలేదు. శాకాహార భోజనశాల కోసం వెతుకుతూ రోజుకి పది పన్నెండు మైళ్ళు నడిచేవాడు. ఆకలి తట్టుకోలేక ఏదో చవక హోటల్లో దూరి కడుపునిండా రొట్టె తినేవాడు, తృప్తి ఉండేది కాదు. అలా తిరుగుతుండగా ఒకరోజు ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో శాకాహార భోజనశాల కంటపడింది. గుమ్మంలోనే హెన్రీ సాల్ట్ రాసిన శాకాహారం పుస్తకం కనబడితే షిల్లింగు పెట్టి కొని, లోపలికెళ్ళి భోంచేశాడు. ఇంగ్లండ్ వచ్చాక కడుపునిండా తిన్న మొదటి భోజనం అదేనని తర్వాత తన ఆత్మకథ సత్యశోధనలో రాసుకున్నారు. అప్పటిదాకా అమ్మ కోసం పట్టిన వ్రతం, ఆ పుస్తకం చదివాక తన ఇష్టమైంది.

మూడు నెలల దొరతనం

తిండి సమస్య తీరింది. ఇక రెండో రోగం పట్టుకుంది. నలుగురిలో నాగరికంగా కనబడాలన్న మోజు! బొంబాయిలో కుట్టించిన బట్టలు పనికిరావని కొత్తవి కొన్నాడు. 19 షిల్లింగులు పెట్టి ఎత్తయిన టోపీ. అదీ చాలక బాండ్ స్ట్రీట్‌లో 10 పౌండ్లు తగలేసి సాయంత్రం వేసుకునే సూటు కుట్టించాడు. గడియారానికి బంగారు గొలుసు కావాలని అన్నకి రాస్తే, పాపం ఆయన అదీ పంపించాడు. రోజూ అద్దం ముందు పది నిమిషాలు నిలబడి టై సర్దుకోవడం, తల దువ్వుకోవడం.

అంతటితో అయిందా? డాన్సు క్లాసులకి 3 పౌండ్లు కట్టాడు. తాళానికి తగ్గట్టు కాలు కదలలేదు. చెవికి సంగీతం అలవాటైతే కాలు కదులుతుందేమోనని ఇంకో 3 పౌండ్లు పెట్టి వయొలిన్ కొన్నాడు, దానికి మాస్టారు ఫీజు వేరే. ఉపన్యాసం నేర్పే మూడో మాస్టారికి ఒక గినీ. ఈ సంబరం దాదాపు మూడు నెలలు సాగింది.

ఒకరోజు తనకే జ్ఞానోదయమైంది. తనేమీ జీవితాంతం ఇంగ్లండ్‌లో ఉండిపోడు. మంచి నడవడి ఉంటే పెద్దమనిషి అవుతాడు, లేకపోతే లేదు. దానికి డాన్సు, వయొలిన్ దేనికి? మాస్టార్లకి ఉత్తరాలు రాసి మానేశాడు. వయొలిన్‌ని ఎంతొస్తే అంతకి అమ్మించేశాడు.

ప్రతి పెన్నీకీ పద్దు

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పుకోవాలి. ఆ మోజు రోజుల్లో కూడా మోహన్‌దాస్ లెక్క రాయడం మానలేదు. బస్సు చార్జీ, తపాలా బిళ్ళ, పేపరు కోసం పెట్టిన రెండు కాసులు, ఏదీ వదిలేవాడు కాదు. రాత్రి పడుకునే ముందు జమ, ఖర్చు సరిచూసుకునేవాడు. ఆ పుస్తకమే అద్దంలా తన తప్పు తనకి చూపించింది.

లెక్కలు ముందేసుకుని కూర్చుంటే రంధ్రం ఎక్కడుందో తెలిసింది. కుటుంబంతో కలిసుంటే వారం వారం ఇచ్చే డబ్బు ఒక్కటే ఖర్చు కాదు. మర్యాద కోసం వాళ్ళని అప్పుడప్పుడు బయట భోజనానికి తీసుకెళ్ళాలి. వాళ్ళతో పార్టీలకి వెళ్తే బండి ఖర్చులు తనవే. బయట తిన్న రోజున ఇంట్లో భోజనం డబ్బు తగ్గించరు. ఖర్చు సగానికి సగం తగ్గించాలని నిర్ణయించుకుని సొంతంగా గదులు తీసుకున్నాడు. అదీ, పనుండే చోటుకి అరగంటలో నడిచి వెళ్ళగలిగేట్టు చూసుకున్నాడు. బండి చార్జీ మిగిలింది, రోజుకి ఎనిమిది పది మైళ్ళ నడక కలిసొచ్చింది. ఇంగ్లండ్‌లో ఉన్నన్నాళ్ళూ దాదాపు జబ్బు పడకుండా తనని కాపాడింది ఆ నడకేనని గాంధీగారు రాసుకున్నారు. డబ్బు మిగిల్చిందీ, ఒంటిని నిలబెట్టిందీ ఒకే అలవాటు.

ఇరవై నిమిషాల వంట

ఇంకా తృప్తి లేదు. అన్న కష్టపడి డబ్బు పంపుతున్నాడు. అడిగినప్పుడల్లా కాదనకుండా పంపుతున్నాడు. అది తలుచుకుంటే మనసు కలుక్కుమనేది. నెలకి 8 నుంచి 15 పౌండ్లు ఖర్చుపెట్టే తోటి విద్యార్థుల్లో చాలామందికి స్కాలర్‌షిప్పులున్నాయి. తనకి ఉన్నది అన్న ఒక్కడే. తనకంటే బీదగా బతుకుతూ చదువుకునే వాళ్ళు కూడా కనబడ్డారు. మురికివాడలో వారానికి రెండు షిల్లింగుల గదిలో ఉంటూ, చవక కోకో దుకాణంలో రెండు పెన్నీల రొట్టె, కోకోతో పూట గడుపుకునే విద్యార్థి సంగతి అతన్ని ఆలోచనలో పడేసింది.

రెండు గదులు వదిలి ఒక్క గదిలోకి మారాడు. ఒక స్టవ్ కొన్నాడు. పొద్దున ఓట్ల జావ, కోకోకి వేడినీళ్ళు. మొత్తం వంట ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం బయట భోజనం, రాత్రి గదిలో రొట్టె, కోకో. అలా రోజుకి ఒక షిల్లింగు మూడు పెన్నీలతో గడిచిపోయేది. అంటే 15 పెన్నీలు. నెలకి రెండు పౌండ్ల లోపే!

ఇప్పుడు లెక్క తీయండి. బాండ్ స్ట్రీట్ సూటు ఖరీదు 10 పౌండ్లు, అంటే 2,400 పెన్నీలు. ఈ కొత్త పద్ధతిలో 160 రోజుల బతుకు! వయొలిన్ ఖరీదు 48 రోజులు. టోపీ ఖరీదు పదిహేను రోజులు. ఒక్కో సోకు వెనక ఎన్ని పూటల తిండి దాగుందో చూశారా?

అలాగని సన్యాసం పుచ్చుకోలేదు. పారిస్ ఎగ్జిబిషన్ చూడ్డానికి వెళ్ళి, ఈఫిల్ టవర్ మీద భోంచేశానని చెప్పుకోడానికి 7 షిల్లింగులు వదిలించుకున్నాడు. అది దండగ ఖర్చని తర్వాత తనే ఒప్పుకున్నారు. ఆ తక్కువ ఖర్చు రోజుల్లోనే చదువూ గట్టిగా సాగింది. లండన్ మెట్రిక్యులేషన్‌లో మొదటిసారి లాటిన్‌లో తప్పి, 1890లో మళ్ళీ రాసి పాసయ్యాడు. 1891 జూన్ 10న బారిస్టర్ అయ్యి, 12న ఇంటికి ఓడెక్కాడు. బొంబాయిలో దిగాక తెలిసింది, అమ్మ ఇక లేదని.

దక్షిణాఫ్రికాలో అదే మూడు పౌండ్లు

బొంబాయిలో ప్రాక్టీసు సాగలేదు. 1893లో ఒక వ్యాపార సంస్థ పని మీద, ఏడాది కాంట్రాక్టుకి 105 పౌండ్లు, రానూపోనూ చార్జీలు, అక్కడి ఖర్చుల ఒప్పందంతో దక్షిణాఫ్రికా వెళ్ళారు. అంటే ఆయన కూడా మనలాగే కాంట్రాక్టు మీద పరాయి దేశం వెళ్ళిన మనిషే. చాకలి ఖర్చు ఎక్కువవుతోందని తన కాలర్లు తనే ఉతుక్కున్నారు. మొదటిసారి గంజి ఎక్కువై కాలర్ నుంచి కోర్టులో రాలిపోతుంటే తోటి లాయర్లు నవ్వారు. ఆయనా నవ్వారు.

అక్కడ నేటాల్ చెరుకు తోటల్లో, గనుల్లో మన మద్రాసు ప్రాంతం నుంచి గిర్మిట్ ఒప్పందం మీద వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. ఐదేళ్ళ ఒప్పందం తీరాక మళ్ళీ కూలీగా కుదరకుండా, తిరిగి వెళ్ళకుండా అక్కడే ఉండాలంటే తలకి ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం తెచ్చారు. తర్వాత పిల్లల మీదా వేశారు. మొగుడు, పెళ్ళాం, ఎదిగిన ఇద్దరు పిల్లలుంటే 12 పౌండ్లు. ఆ మొగుడి సంపాదనేమో నెలకి 14 షిల్లింగులు దాటదని గాంధీగారు రాశారు. అంటే ఏడాదంతా కష్టపడినా 8 పౌండ్ల చిల్లర! లండన్‌లో ఒకప్పుడు తను వయొలిన్ కోసం పారేసిన 3 పౌండ్ల విలువ ఆ కూలీల ఇళ్ళలో ఎంతో ఆయనకి లెక్క తెలుసు.

1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పుడు ఎంత చిన్న చందాకైనా రసీదు ఇచ్చారు, పైసా పైసాకీ పద్దు రాశారు. లండన్ గదిలో మొదలైన అలవాటే అది. ప్రజల డబ్బు లక్షల్లో చేతుల మీదుగా నడిచినా అప్పులు మిగలకుండా చూసుకోగలిగానని ఆయనే చెప్పుకున్నారు. ఆ మూడు పౌండ్ల పన్ను మీద 1913లో వేలాదిమంది కూలీలు పని మానేసి రోడ్డెక్కారు. 1914లో పన్ను రద్దయింది.

మనకి మిగిలేది

ఎండలో కాంక్రీటు మోసేవాళ్ళు రొట్టె, కోకోతో సరిపెట్టుకోవాలని ఈ కథ అర్థం కాదు. వాళ్ళ ఒంటికి పప్పు, కూర, గుడ్డు, పెరుగు, నీళ్ళు కావాల్సిందే. గాంధీగారు కూడా కడుపు మాడ్చుకున్న రోజుల్లో పైసా మిగల్చలేదు. ఆయనకి మిగిలింది సూట్లు, సోకులు, మర్యాద ఖర్చులు వదిలేసినప్పుడు, గదిలో వండుకున్నప్పుడు, నడిచినప్పుడు.

ఇవాళ్టి నుంచే ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. ఫోన్ కార్డు, టీ, సిగరెట్టు, శుక్రవారం సరదా, అన్నీ రాయండి. వారం తర్వాత ఒక్కో ఖర్చుని మీ రోజు తిండి ఖర్చుతో భాగించి చూడండి. ఎక్కడ కారుతోందో మీకే తెలుస్తుంది. గదిలో నలుగురూ కలిసి వండుకోండి, వంతులేసుకోండి. నడవగలిగిన దూరం నడవండి. ఊళ్ళో మీ కోసం అప్పు మోస్తున్న అన్నో, నాన్నో, నగలు తాకట్టు పెట్టిన ఇల్లాలో ఉంటారు. రాత్రి పడుకునే ముందు పద్దు రాసేటప్పుడు వాళ్ళని ఒక్కసారి తలుచుకుంటే చాలు, మర్నాడు చెయ్యి దానంతటదే వెనక్కి తగ్గుతుంది.