గుర్రాల దొడ్డిలో వెలిసిన యూనివర్సిటీ

బీటెక్ పిల్లలున్న ఇళ్లలో, అది హోసూరైనా బళ్లారైనా, స్టాన్‌ఫోర్డ్ పేరు వినిపిస్తూనే ఉంటుంది. అది ఒకప్పటి గుర్రాల దొడ్డి అనీ, ఓ పిల్లాడి పేరున పుట్టిందనీ తెలిసినవాళ్లు తక్కువ.

లీలాండ్ స్టాన్‌ఫోర్డ్ 1824లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. విస్కాన్సిన్‌లో వకీలుగా ఉండగా 1852లో ఆఫీసు తగలబడింది. దాంతో కాలిఫోర్నియాలో వ్యాపారం చేస్తున్న అన్నదమ్ముల దగ్గరికెళ్లి, గనుల వాళ్లకు సరుకులమ్మి నిలదొక్కుకున్నాడు. 1861లో సెంట్రల్ పసిఫిక్ రైల్వే అధ్యక్షుడు, మరుసటేడు గవర్నర్. 1869 మే 10న యూటాలో తూర్పు పడమరల పట్టాలు కలిసినచోట బంగారు మేకు కొట్టిందీ ఆయనే.

ఆ పట్టాల కోసం కొండలు తొలిచింది మాత్రం చైనా కూలీలు. గవర్నరుగా వాళ్ల వలస వద్దన్న పెద్దమనిషే, పనికి మనుషులు దొరక్కపోయేసరికి వేలల్లో పెట్టుకున్నాడు. జీతం తెల్లవాళ్లకన్నా తక్కువే.

డబ్బొచ్చాక గుర్రాల పిచ్చి పట్టింది. మట్టిబండి లాగిన ఆక్సిడెంట్ (యాక్సిడెంట్ కాదు, పడమర అని అర్థం) ఆయన చేతిలో పేరుమోసిన పందెపు గుర్రమైంది. 1876లో పాలో ఆల్టోలో భూమి కొని పెంపకం మొదలెట్టాడు. పరుగులో గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా అన్నది ఆయన పట్టుదల. 1878 జూన్‌లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ అక్కడే 12 కెమెరాలు వరుసగా పెట్టి తేల్చాడు. వదులుతాయి, అదీ కాళ్లు పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. చిత్రకారులు గీసినట్టు బార్లా చాపినప్పుడు కాదు. సినిమాకు దారి తీసిన ప్రయోగాల్లో అదొకటి. 1882లో స్టాన్‌ఫోర్డ్ వేయించిన పుస్తకంలో మాత్రం మైబ్రిడ్జ్‌కు దక్కాల్సిన పేరు దక్కలేదు. కోర్టుకెళ్లినా ఓడిపోయాడు.

1884 మార్చి 13న ఇటలీ యాత్రలో ఒక్కగానొక్క కొడుకు లీలాండ్ జూనియర్ టైఫాయిడ్‌తో పోయాడు. ఇంకో రెండు నెలలైతే 16 నిండేవి. మరుసటేడే దంపతులు బిడ్డ పేరున యూనివర్సిటీకి ఆస్తి రాసిచ్చారు. గుర్రాల దొడ్డి భూమిని ఎన్నటికీ అమ్మకూడదని షరతు పెట్టారు. ట్రస్టీలు 24 మంది ఉన్నా పగ్గాలు దంపతుల చేతిలోనే. 1891 అక్టోబర్ 1న ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపి, ఫీజు లేకుండా తలుపులు తెరిచారు.

1893 జూన్ 21న స్టాన్‌ఫోర్డ్ కన్నుమూశాడు. రైల్వే అప్పుల కింద కోటిన్నర డాలర్లు రావాలంటూ ప్రభుత్వం ఆస్తిపై దావా వేసింది. భార్య జేన్ ఇంటి ఖర్చు తగ్గించుకుని పంతుళ్ల జీతాలిచ్చింది, కాలేజీ మూయనివ్వలేదు. 1896లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆనాటి ఎర్ర గుర్రపుసాల ఇప్పటికీ ఉంది. విద్యార్థులు క్యాంపస్‌ను 'ఫామ్' అనే పిలుస్తారు.