బార్బరా వుడ్‌హౌస్

బార్బరా వుడ్‌హౌస్ (1910 మే 9 - 1988 జూలై 9) బ్రిటన్‌కు చెందిన సుప్రసిద్ధ శునక శిక్షకురాలు, రచయిత్రి మరియు టెలివిజన్ వ్యాఖ్యాత. డెబ్బయ్యేళ్ళ వయసులో బి.బి.సి. కార్యక్రమము ద్వారా ఈమె ఇంటింటికీ పరిచయమయింది. కుక్క చెడ్డదయితే ఆ దోషము దానిది కాదు, యజమానిదేనన్నది ఈమె సిద్ధాంతము.

బాల్యము, విద్య

ఈమె ఐర్లండులోని డబ్లిన్ సమీపములో రాత్‌ఫార్నమ్ అనుచోట, సెయింట్ కొలంబాస్ కళాశాల ఆవరణలో జన్మించింది. తండ్రి అదే విద్యాలయమునకు ప్రధానాచార్యుడు. బాల్యములోనే తండ్రి మరణించగా కుటుంబము ఇంగ్లండుకు తరలివచ్చింది. వ్యవసాయ విద్యలో స్త్రీలు అరుదుగా కనిపించే ఆ రోజులలో ఈమె హార్పర్ ఆడమ్స్ వ్యవసాయ కళాశాలలో చదివింది. తరువాత 1930ల దశకములో అర్జెంటీనా వెళ్ళి అక్కడి పశుక్షేత్రాలలో పనిచేస్తూ గుర్రాలను మచ్చిక చేసింది. గుర్రము ముక్కుపుటాలలోకి మెల్లగా ఊపిరి ఊది దాని భయము పోగొట్టే పద్ధతిని అక్కడి గ్వరానీ జాతివారి నుండి నేర్చుకున్నట్లు చెప్పుకున్నది. 1940లో వైద్యుడైన మైకేల్ వుడ్‌హౌస్‌ను వివాహమాడి, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో స్థిరపడింది. ఈమె పెంచిన గ్రేట్ డేన్ జాతి కుక్క జూనో సినిమాలలో కూడా నటించింది.

శిక్షణా పద్ధతి

ఈమె ప్రధానముగా నేర్పినవి రెండు: యజమానిని ఈడ్చుకుపోకుండా పక్కన నడచుట, పిలిచిన వెంటనే వచ్చుట. నడకకు కుక్క ఎడమ వైపు ఉండాలి. మెడలో వేయు గొలుసు లాగితే బిగిసేది, వదలితే సడలేది. కుక్క ముందుకు ఉరికినపుడు ఒక్కసారి చటుక్కున గుంజి, ఆ క్షణమే వదలి, మెచ్చుకోవాలి. గొలుసును అదే పనిగా బిగబట్టుట మాత్రము కూడదు. ఎందుకనగా ఎదురు లాగుడు తగిలితే కుక్క ఇంకా బలముగా లాగుతుంది. చాలామంది యజమానులు చేసే పొరపాటు సరిగ్గా ఇదే.

పిలుపు నేర్పుటకు పొడవైన తాడు కట్టి, సంతోషము ఉట్టిపడే గొంతుతో పేరుపెట్టి పిలవాలి. రాకపోతే తాడును చిన్నగా గుంజాలి. రాగానే ఎంతో ముద్దుచేయాలి. ఆలస్యముగా వచ్చినదని కొడితే, వచ్చినందుకే దెబ్బ పడినదని కుక్క అనుకొంటుంది. మరునాడు పిలిస్తే దూరముగానే నిలబడుతుంది. శిక్షణలో తినుబండారము ఇచ్చుటకు ఈమె వ్యతిరేకి. కుక్క పొగడ్త కొరకు పనిచేయాలే గాని బిస్కట్టు కొరకు కాదని ఈమె అభిప్రాయము.

టెలివిజన్‌లో

1980లో బి.బి.సి. ప్రసారము చేసిన ట్రైనింగ్ డాగ్స్ ది వుడ్‌హౌస్ వే అను కార్యక్రమములో కుక్కల కన్నా యజమానులకే ఎక్కువ చీవాట్లు పడేవి. సిట్ అనే ఆజ్ఞను ఈమె సాగదీసి పలికే తీరు, షికారుకు పిలిచే వాకీస్ అనే మాట బ్రిటన్‌లో ఊతపదాలయ్యాయి. కొంత భాగము మన ఉదయపూర్‌లో చిత్రీకరించిన జేమ్స్ బాండ్ సినిమా ఆక్టోపస్సీ (1983)లో కథానాయకుడు ఎదురుపడిన పులిని కూర్చోమని ఆజ్ఞాపించే హాస్య సన్నివేశము ఈమెకు అనుకరణే. నో బ్యాడ్ డాగ్స్ అను పుస్తకము విదేశాలలోనూ విరివిగా అమ్ముడయింది.

విమర్శలు

బిగిసే గొలుసు వాడకముపై ఈమె తీవ్ర విమర్శలకు గురయింది. తప్పుగా తొడిగినా, గట్టిగా గుంజినా కుక్క గొంతుకు, శ్వాసనాళమునకు గాయమవుతుంది. ఈమె వాడినది వెడల్పు కడియాల గొలుసు. సన్నని గొలుసులను తానే ఖండించింది. అయితే ఆ చేతివాటము టెలివిజన్ చూసి అందరికీ పట్టుబడేది కాదు, నొప్పి మాత్రము కుక్కకే మిగిలేది. జంతువులతో మాటలు లేకుండానే మనసుతో సంభాషించగలనన్న ఈమె వాదనను శాస్త్రజ్ఞులు అంగీకరించలేదు. 1982లో అమెరికాలో ఇయాన్ డన్‌బార్ గొలుసు గుంజకుండా, తినుబండారములతోనే చిన్న కుక్కపిల్లలకు తరగతులు ప్రారంభించాడు. తరువాతి దశాబ్దాలలో ఆ మార్గమే ఎక్కువమంది శిక్షకులు అనుసరించారు. అయినప్పటికీ శిక్షణ ముందుగా యజమానికి కావాలన్న ఈమె పట్టుదలను ఆ కొత్త పద్ధతులవారు కూడా విడిచిపెట్టలేదు.

ఈమె 1988 జూలై 9న తన 78వ ఏట మరణించింది.