శిశూద్యాన పితామహుడు ఫ్రోబెల్

తల్లి ముఖమైనా గుర్తులేని వాడు తల్లులకు శిశుపోషణలో ఆచార్యుడైనాడు. ఆయన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింజియా అటవీసీమలో ఒక మతాచార్యుని ఇంట జన్మించినాడు. తొమ్మిదవ నెలలోనే తల్లి గతించింది. ఆదరణ కరువైన ఆ బాల్యానికి చెట్లూ పూలే తోడైనవి.

యౌవనంలో ఉపాధ్యాయవృత్తి చేపట్టి, స్విట్జర్లండులో పెస్టలోజీ పాఠశాలను సన్నిహితంగా పరిశీలించినాడు. 1837లో బ్లాంకెన్‌బర్గులో పసిపిల్లలకై ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా శిశూద్యానం, అని నామకరణం చేసినాడు.

ఆయన దృష్టిలో ఆట కాలక్షేపం కాదు. శిశువు అంతశ్శక్తి వికసించే మార్గం. అందుకై 'కానుకలు' అనే ఆటవస్తువులను రూపొందించినాడు. మొదటి కానుక రంగురంగుల ఆరు ఊలు బంతులు. దారానికి కట్టిన బంతిని తల్లి ఊపితే బిడ్డ చూపు దాని వెంట పోతుంది. దాచి చూపితే, కనుమరుగైనది మళ్ళీ కనబడుతుందని తెలుస్తుంది. రెండవది కొయ్యతో చేసిన గోళం, స్తూపం, ఘనం. మూడవది ఎనిమిది చిన్న ఘనాలుగా విడివడేది. విడదీయడమూ కూర్చడమూ బిడ్డ వంతు. ఒడిలోని శిశువుతో తల్లి ఆడే ఆటపాటలను 1844లో గ్రంథంగా వెలువరించినాడు.

1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వం శిశూద్యానాలను నిషేధించింది. అన్నకుమారుడు కార్ల్ అభిప్రాయాలను ఈయనకు అంటగట్టి, నాస్తికత్వమనీ సామ్యవాదమనీ నిందమోపింది. వృద్ధుని విన్నపాలు ఫలించలేదు. 1852 జూన్ 21న ఆయన కన్నుమూసినాడు. నిషేధం 1860లో గాని తొలగలేదు. ఈలోగా ఆయన శిష్యులు ఆ విత్తనాలను ఇంగ్లండు, అమెరికాలలో నాటినారు.

ఆయన సమాధిపై గోళ, స్తూప, ఘనాలే నిలిచి ఉన్నవి. పలక పట్టించే తొందరలో బిడ్డ చేతి బంతిని లాగివేసే పెద్దలకు ఆ మూడు రాళ్ళూ చాలిన పాఠం.