బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు పీట్ మారవిచ్

సాయంకాలమున మన ఆటస్థలమందు బాస్కెట్‌బాల్ ఆడు బాలురను చూచునప్పుడెల్ల మాకొక సంగతి తోచుచుండును. బంతి చేత పడినతోడనే ప్రతివాడును బుట్టవంక చూచును గాని, ముందుగా ఆ బంతిని తన చేతికి లోబరచుకొనవలెనని తలంచువారు తక్కువ. అట్టివారికొరకు పీట్ మారవిచ్ అను అమెరికా క్రీడాకారుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఇతడు 1947వ సంవత్సరము జూన్ 22వ తేదీన, పెన్సిల్వేనియా రాష్ట్రములో ఉక్కు కర్మాగారములకు పేరొందిన అలిక్విపా పట్టణమున జన్మించెను. ఇతని తండ్రి ప్రెస్ మారవిచ్ వలసవచ్చిన సెర్బు జాతి కుటుంబమువాడు. ఆయన మొదట ఆటగాడుగా నుండి, పిమ్మట కళాశాలలలో ఆట నేర్పు శిక్షకుడాయెను. కుమారుని గొప్ప ఆటగానిగా చేయవలెనని ఆయన కోరిక.

అందుకై ఆయన కుమారునికి కొన్ని చిన్న అభ్యాసములను ఏర్పరచెను. బంతిని తల చుట్టును, నడుము చుట్టును, మోకాళ్ల చుట్టును వడిగా త్రిప్పుట. కాళ్లు ఎడముగా నుంచి, వాని నడుమ ఎనిమిది అంకెవలె బంతిని పోనిచ్చుట. వ్రేళ్ల కొనలతోనే ఒక చేతినుండి మరియొక చేతికి నెట్టుట. కన్నులకు గంతలు కట్టుకొని బంతిని నేలకు కొట్టుచు నడచుట. వీనిలో వింత యేమియు లేదు. కన్ను బంతిని వెదకుచుండినయెడల తోడి ఆటగాడు ఎచ్చట నున్నాడో, ఎదుటివాడు ఎటు వచ్చుచున్నాడో తెలియదు. చేయి బంతిని ఎరిగినప్పుడే కన్నులకు స్వేచ్ఛ కలుగును.

బాలుడు ఈ సాధనను ఎన్నడును విడువలేదు. సైకిలు త్రొక్కుచు బంతి కొట్టెను. సినిమాకు పోయినప్పుడు నడవ ప్రక్కనున్న కుర్చీలో కూర్చుండి కొట్టెను. తండ్రి కారు నడుపుచుండగా కిటికీలోనుండి వంగి రోడ్డుమీద సయితము కొట్టెను. ఈ కడపటి దానిని మన బాలురు అనుకరింపరాదు!

పిమ్మట అతడు తన తండ్రియే శిక్షకుడుగా నున్న లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట 1967 మొదలు 1970 వరకు 83 ఆటలలో 3,667 పాయింట్లు, అనగా ఆటకు సగటున 44.2 పాయింట్లు సంపాదించెను. దూరమునుండి వేసిన బంతికి మూడు పాయింట్లిచ్చు నియమము కళాశాలల ఆటలో అప్పటికింకను లేదు. ప్రథమ శ్రేణి కళాశాలల యువకులలో ఎవ్వరును అర్ధశతాబ్దమునకు పైగా ఆ మొత్తమును దాటలేకపోయిరి.

1970లో అట్లాంటా జట్టునందును, 1974లో న్యూ ఆర్లియన్స్ జట్టునందును చేరి, 1977 ఫిబ్రవరి 25వ తేదీన న్యూయార్కు జట్టుపై ఒక్క ఆటలోనే 68 పాయింట్లు చేసెను. అయినను అతని జట్టుకు విజేతల బిరుదము ఎన్నడును దక్కలేదు. 1978లో మోకాలు చెడెను. 1980లో ఆట మానెను. ధనము, కీర్తి యున్నను మనస్సునకు నెమ్మది లేక, త్రాగుడుకు లోనై, కొంతకాలము బహు దుఃఖపడెను. 1982లో క్రీస్తునందు విశ్వాసముంచి నెమ్మది పొందెను. అటుపిమ్మట బాలురకు ఆట నేర్పుటలో సంతోషించెను. తన తండ్రి నేర్పిన అభ్యాసములను 1987లో పిల్లల నిమిత్తము చలనచిత్రములుగా తీయించెను. ఆ సంవత్సరమే తండ్రి మరణించెను.

1988 జనవరి 5వ తేదీన కాలిఫోర్నియాలోని పాసడీనా నగరమందు, ఒక దేవాలయపు ఆటశాలలో స్నేహితులతో ఆడి, ఆట నడుమ విరామములో కూలి మరణించెను. అప్పటికి వయస్సు 40 సంవత్సరములు. గుండెకు రక్తము నందించు ఎడమ ధమని అతనికి పుట్టుకతోనే లేదని పిమ్మట వైద్యులు కనుగొనిరి. అట్టి గుండెతో అన్ని యేండ్లు పరుగెత్తెనని ఎరిగినవారెల్లరు ఆశ్చర్యపడిరి.

విద్యార్థులారా, ఈ అభ్యాసములకు ఒక బంతియు, నాలుగడుగుల నేలయు చాలును. దినమునకు పావుగంట తప్పక చేసినయెడల చేతులు మాట వినును. తలిదండ్రులారా, బిడ్డకు నేర్పు కలుగవలెనని కోరుట మంచిదే. కాని నేర్పు వేరు, నెమ్మది వేరు. మారవిచ్ చేతులు చిన్ననాడే నేర్పరులాయెను. అతని మనస్సు నెమ్మది నెరుగుటకు ముప్పదియైదు సంవత్సరములు పట్టెను. ఈ రెండింటిని మన పిల్లలకు కలిపి నేర్పగలిగినయెడల, అతని చరిత్రమును చదివినందుకు ఫలము కలిగినదని మేము తలంతుము.