అలన్ ట్యూరింగ్: ఒక కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్.. దారి చూపింది ఈయనే! తండ్రి ఉద్యోగం మన జిల్లాల్లోనే

తడ: పాత ల్యాప్‌టాప్‌లో లైవ్ డిస్క్ పెట్టి ఆన్ చేస్తే చాలు.. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే లైనక్స్ ఓపెన్ అవుతుంది. అందులో ఎమ్యులేటర్ రన్ చేస్తే ఎప్పటిదో పాత విండోస్ కూడా నడుస్తుంది. అంటే ఒక మెషీన్ ఇంకో మెషీన్‌లా నటిస్తుందన్నమాట. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లే లేని రోజుల్లో ఇది కుదురుతుందని లెక్కలతో నిరూపించిన మనిషి అలన్ ట్యూరింగ్. తడ పక్కన శ్రీసిటీలోనే కాదు.. ఎక్కడ కంప్యూటర్ సైన్స్ చదివినా ట్యూరింగ్ మెషీన్ పాఠం తప్పదు.

తెలుగు నేలతో లింక్

ట్యూరింగ్ తండ్రి జూలియస్ ఐసీఎస్ అధికారి. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు.. ఇలా ఉద్యోగరీత్యా మన ఊళ్లు చాలానే తిరిగారు. తల్లి ఎథెల్ సారా మద్రాస్ రైల్వే చీఫ్ ఇంజినీర్ కూతురు. అలన్ మాత్రం 1912 జూన్ 23న లండన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు ఇండియాలో ఉంటే, అన్నతో కలిసి ఇంగ్లండ్‌లో వేరేవాళ్ల ఇంట్లో పెరిగారు.

23 ఏళ్లకే..

1936లో ట్యూరింగ్ ఓ పరిశోధనా పత్రం రాశారు. పనికో మెషీన్ అక్కర్లేదు.. ఏ మెషీన్ ఎలా పనిచేస్తుందో రాసిస్తే, అది చదివి అచ్చం అలాగే చేసే ఒకే మెషీన్ సాధ్యమని తేల్చారు. అప్పటికి ఆయన వయసు 23. ఇవాళ్టి ఎమ్యులేటర్ చేసేదీ అదే. వేరే ప్రాసెసర్ కోసం రాసిన ఆదేశాలను చదివి, మన ప్రాసెసర్‌కి అర్థమయ్యేలా మార్చి నడిపిస్తుంది.

దేశాన్ని కాపాడితే..

రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల ఎనిగ్మా కోడ్‌ని ఛేదించిన టీమ్‌లో ట్యూరింగ్ కీలకం. కానీ ఆ పనంతా టాప్ సీక్రెట్. 1970ల దాకా జనానికి తెలియనే లేదు. అందుకే 1952లో స్వలింగ సంపర్కం నేరం కింద కోర్టు బోనెక్కినప్పుడు, ఆయన దేశానికి ఏం చేశారో బయటికి చెప్పేవాళ్లే లేరు. జైలుకెళ్తారా, హార్మోన్ చికిత్స తీసుకుంటారా అంటే.. చికిత్సకే ఒప్పుకున్నారు. ప్రభుత్వ రహస్య పనుల నుంచీ తప్పించారు.

1954 జూన్ 7న సైనైడ్‌తో చనిపోయారు. అప్పటికి 41 ఏళ్లే. విచారణలో ఆత్మహత్య అని తేల్చారు.

2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించారు. 2021లో 50 పౌండ్ల నోటుపై ఆయన బొమ్మ వేశారు. ఆ మొదటి క్షమాపణ రావడానికే.. ఆయన పోయాక 55 ఏళ్లు పట్టింది.