పదార్థ తరంగ ద్రష్ట – లూయీ డీ బ్రోలీ

కాంతి తరంగమా, కణమా అన్న వివాదం భౌతికశాస్త్రంలో చిరకాలం సాగింది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో థామస్ యంగ్ వ్యతికరణ ప్రయోగం ద్వారా కాంతి తరంగమని చూపగా, 1905లో ఐన్‌స్టీన్ దానికి కణస్వభావం కూడ ఉన్నదని ప్రతిపాదించాడు. అట్లయినచో కణమని మనం భావించే ఎలక్ట్రానుకు తరంగస్వభావం ఎందుకుండరాదు? ఈ ప్రశ్న వేసిన సాహసి లూయీ డీ బ్రోలీ.

ఆయన 1892 ఆగస్టు 15న ఫ్రాన్సులోని డియెప్ పట్టణంలో ప్రభువంశంలో జన్మించాడు. 1906లో తండ్రి మరణించగా, అన్న మోరిస్ ఆయన విద్యాబాధ్యతను స్వీకరించాడు. లూయీ మొదట చరిత్ర చదివి 1910లో పట్టం పొందాడు. మోరిస్ ఎక్స్ కిరణాల పరిశోధకుడు. 1911 నాటి సాల్వే విజ్ఞానసభకు కార్యదర్శులలో ఒకడు. ఆ సభాపత్రాలను చదివిన తమ్ముని మనస్సు భౌతికశాస్త్రం వైపు మరలింది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఆయన ఈఫిల్ గోపురం వద్దనున్న సైనిక రేడియో కేంద్రంలో పనిచేశాడు.

1924లో పారిస్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, చలించే ప్రతి కణానికీ ఒక తరంగముంటుందనీ, ప్లాంక్ స్థిరాంకాన్ని కణం ద్రవ్యవేగంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం లభిస్తుందనీ ప్రకటించాడు. అప్పటికి దీనికి ప్రయోగాధారం లేదు. ఆచార్య లాంజవిన్ పంపిన ప్రతిని చదివి ఐన్‌స్టీన్ హర్షించాడు. 1927లో అమెరికాలో డేవిసన్, జెర్మర్‌లు నికెల్ స్ఫటికంపై ఎలక్ట్రానులను ప్రసరింపజేశారు. అవి కొన్ని దిశలలోనే అధికంగా వెలువడ్డాయి. శృంగం శృంగంతో కలిసినచోట తరంగం బలపడుతుంది. శృంగం ద్రోణితో కలిసినచోట నశిస్తుంది. కేవలం కణాలకు ఇది సాధ్యం కాదు. 1929లో డీ బ్రోలీకి నోబెల్ బహుమతి లభించింది.

ఆ సూత్రమే పరమాణు కేంద్రక పరిశోధనకు మార్గం చూపింది. శక్తి పెరిగినకొద్దీ తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. నూరు కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాను తరంగదైర్ఘ్యం కేంద్రకం పరిమాణం కంటె చిన్నది. 1950ల దశకంలో హాఫ్‌స్టాటర్ ఇట్టి అధికశక్తి ఎలక్ట్రానులతో కేంద్రకాల పరిమాణాన్ని కొలిచి, 1961లో నోబెల్ బహుమతి పొందాడు. ఐరోపా దేశాలన్నీ కలిసి ఒక పరిశోధనాలయం స్థాపించుకోవాలని 1949లో డీ బ్రోలీ సూచించాడు. 1954లో సెర్న్ అవతరించింది.

అయినను, ఆయన మనస్సులో ఒక అసంతృప్తి మిగిలింది. తరంగం కణానికి దారి చూపుతుందన్న తన వ్యాఖ్యానాన్ని 1927 నాటి సాల్వే సభలో వినిపించగా విమర్శలు ఎదురయ్యాయి. దానిని విడిచి, తరువాతి పాతికేళ్ళూ సర్వసమ్మతమైన సంభావ్యతా వ్యాఖ్యానాన్నే బోధించాడు. 1952లో డేవిడ్ బోమ్ అటువంటి భావననే పునరుద్ధరించడంతో, అరవై యేళ్ళ వయస్సులో తిరిగి ఆ అన్వేషణ చేపట్టాడు. ఆ సంవత్సరమే, ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ విరాళంతో యునెస్కో నెలకొల్పిన కళింగ బహుమతిని ప్రప్రథమంగా అందుకొన్నాడు.

1987 మార్చి 19న, 94 యేళ్ళ వయస్సులో ఆయన కీర్తిశేషుడైనాడు. ఆయన సూత్రం నేడు ప్రతి విద్యార్థి పాఠ్యగ్రంథంలోనూ ఉన్నది. దాని అంతరార్థంపై చర్చ మాత్రం ముగియలేదు. సూత్రాన్ని కంఠస్థం చేసే విద్యార్థి, దాని వెనుకనున్న ఆ ప్రశ్నను కూడ స్వీకరించినప్పుడే ఆ మహనీయుని నిజమైన వారసుడవుతాడు.