ఆర్థర్ కానన్ డాయిల్

కొందరు రచయితలు గతించిన పిదప వారి గ్రంథములు మాత్రము మిగులును. మరి కొందరు సృష్టించిన పాత్రలు గ్రంథములను దాటి వచ్చి మనుష్యులవలె లోకమున సంచరించును. షెర్లాక్ హోమ్సు అట్టి పాత్ర. అతడు నిజముగా జీవించి యున్నాడని నమ్మి లండను నగరములోని బేకరు వీధికి జాబులు వ్రాసిన వారెందరో కలరు. ఆ యపరాధ పరిశోధకునకు ప్రాణము పోసినవాడు ఆర్థర్ కానన్ డాయిల్.

డాయిల్ 1859వ సంవత్సరము మే 22వ తేదీన స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో జన్మించెను. తండ్రి చార్లెసు ప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగి. అతడు చక్కని చిత్రకారుడే గాని మద్యమునకు దాసుడై సంసార భారము వహింపలేకపోయెను. తల్లి మేరీ లేమిని ఓర్పుతో భరించి బిడ్డలను పెంచెను. ఆమె కథలు చెప్పుటలో మిక్కిలి నేర్పరి. భయము గొలుపు ఘట్టము వచ్చినపుడు గొంతు తగ్గించి ఆమె చెప్పెడి తీరు కుమారునకు జీవితాంతము జ్ఞాపకముండెను. బంధువుల ధనసహాయముతో బాలుడు పాఠశాల చదువు ముగించి, 1876లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను.

అచ్చట జోసెఫ్ బెల్ అను శస్త్రవైద్యుడు ఆచార్యుడుగా ఉండెను. రోగి నోరు విప్పకమునుపే అతని నడకను, చేతులను, దుస్తులను చూచి వృత్తియు నివాసమును చెప్పుట ఆయన కలవాటు. ఒకనాడు వచ్చిన రోగిని చూచి, అతడు బార్బడోసు దీవిలో పనిచేసి, ఇటీవలనే కొలువు విడిచిన సైనికుడని బెల్ నిర్ణయించెను. అది నిజమయ్యెను. శిష్యులు విస్తుపోగా ఆయన కారణములు వివరించెను. ఆ మనుష్యుడు మర్యాద తెలిసినవాడయ్యును టోపీ తీయలేదు. సైన్యమున టోపీ తీయు ఆచారము లేదు. కొలువు విడిచి చాలకాలమైనచో లోకాచారము అలవడియుండును. అతని బోదకాలు వ్యాధి ఇంగ్లండులో కలుగునది కాదు, వెస్టిండీసు దీవులలో కలుగునది. చూచుట వేరు, గమనించుట వేరు అను సత్యము నాడు డాయిల్ మనస్సున నాటుకొనెను.

విద్యార్థిగా ఉన్నపుడే, 1880లో, అతడు హోప్ అను తిమింగలముల వేట ఓడలో వైద్యుడుగా ఉత్తర ధ్రువ సముద్రమునకు పోయి, కొన్ని నెలలు మంచుగడ్డల నడుమ గడపెను. 1881లో పట్టము పొంది, మరుసటి సంవత్సరము పోర్ట్స్‌మత్ పట్టణపు శివారున వైద్యశాల తెరచెను. అప్పుడతని చేతిలో నున్నది 10 పౌనులకు లోపే. రోగులు అరుదుగా వచ్చుచుండిరి. ఆ తీరిక వేళలలో అతడు కథలు వ్రాయసాగెను.

1886లో అతడు హోమ్సు పాత్రతో తొలి నవల వ్రాసెను. దానిని కొందరు ప్రచురణకర్తలు త్రిప్పిపంపిరి. తుదకొకరు సర్వహక్కులకు 25 పౌనులిచ్చి, 1887లో ఒక క్రిస్మసు సంచికలో ముద్రించిరి. 1891లో డాయిల్ వియన్నా నగరమున కంటి వైద్యము అభ్యసించి వచ్చి, లండనులో నేత్రవైద్యుడుగా ఒక గది తీసికొనెను. రోగి యొక్కడును ఆ గడప త్రొక్కలేదు. ఆ సంవత్సరమే స్ట్రాండ్ పత్రికలో హోమ్సు కథలు వెలువడి దేశమంతటను మారుమ్రోగినవి. అతడు వైద్యము మాని రచననే వృత్తిగా స్వీకరించెను.

అయినను డాయిల్ తృప్తి పొందలేదు. చారిత్రక నవలలే తనకు శాశ్వతకీర్తి నిచ్చునని అతని నమ్మకము. హోమ్సు వానికి అడ్డుగా నున్నాడని తలచి, 1893లో స్విట్జర్లండులోని ఒక జలపాతమున అతనిని పడద్రోసి కథ ముగించెను. పాఠకులు ఆప్తబంధువు పోయినట్లు దుఃఖించిరి. వేలకొలది చందాదారులు పత్రికను మానివేసిరి. 1901లో బాస్కర్‌విల్ వంశపు వేటకుక్క నవలతో హోమ్సు మరల కనబడెను. 1903లో డాయిల్ అతనిని బ్రతికింపక తప్పలేదు. మొత్తము 4 నవలలును 56 కథలును హోమ్సు పేర వెలసినవి.

కాగితముపై న్యాయము నిలిపిన ఈ రచయితకు నిజలోకమున న్యాయము నిలుపవలసిన సమయము వచ్చెను. ఇంగ్లండులోని గ్రేట్ వైర్లీ గ్రామమున షాపుర్జీ ఎడల్జీ అను మతగురువు ఉండెను. ఆయన బొంబాయి నుండి పోయిన పార్శీ. క్రైస్తవమతము స్వీకరించి ఆంగ్ల వనితను వివాహమాడెను. వారి కుమారుడు జార్జి న్యాయవాది. ఆ కుటుంబమును ద్వేషించువారు సంతకములేని జాబులతో ఏండ్ల తరబడి వేధించిరి. 1903లో ఆ ప్రాంతమున రాత్రులందెవరో పశువులను, గుర్రములను కోసి చంపసాగిరి. పోలీసులు జార్జిని పట్టుకొనిరి. ఆ రాత్రి కుమారుడు తన గదిలోనే నిద్రించెనని తండ్రి చెప్పినను న్యాయస్థానము నమ్మలేదు. జార్జికి 7 సంవత్సరముల కఠిన శిక్ష విధింపబడెను. అతడు చెరసాలలో ఉండగానే మరల పశువులు చంపబడినవి. పదివేలమంది విన్నపము చేసికొనిరి. 3 సంవత్సరముల పిమ్మట ప్రభుత్వము జార్జిని విడిచెను గాని నిర్దోషియని ప్రకటింపలేదు. అందుచేత అతనికి తన వృత్తి లేకపోయెను.

1907 జనవరిలో డాయిల్ అతనిని కలిసికొనుటకు లండనులోని ఒక హోటలునకు పోయెను. జార్జి వార్తాపత్రిక చదువుచుండెను. దానిని ముఖమునకు మిక్కిలి దగ్గరగా, ఒక ప్రక్కకు ఒరగబెట్టి పట్టుకొనియుండెను. రోగులెవ్వరును రాని ఆ పూర్వపు నేత్రవైద్యునకు అది చాలెను. పట్టపగలే సరిగా చూడలేని ఈ మనుష్యుడు చీకటిరాత్రి వానలో రైలుపట్టాలు దాటి, పొలములకడ్డముగా పోయి గుర్రమును చంపి యెట్లు తిరిగి రాగలడు? డాయిల్ ఆ గ్రామమునకు పోయి స్వయముగా విచారించెను. తన వాదమును పత్రికలో ప్రకటించి, ఎవరైనను దానిని ఉచితముగా పునర్ముద్రించుకొనవచ్చునని తెలిపెను. దేశము కదలెను. ఆ సంవత్సరము మే నెలలో ప్రభుత్వము జార్జిని ఆ నేరమునుండి విముక్తుని చేసెను, నష్టపరిహారము మాత్రమియ్యలేదు. అతడు మరల న్యాయవాదియయ్యెను. క్రిమినలు కేసులలో అప్పీలు వినుటకు ఇంగ్లండులో ఆ సంవత్సరమే ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడుటకు ఈ యుదంతమును ఒక కారణము. తరువాత ఆస్కార్ స్లేటర్ అను మరియొక నిరపరాధి కొరకును డాయిల్ పాటుపడెను. అతని శిక్ష 1928లో రద్దయ్యెను.

ఇంతటి తార్కికుడును పొరబడక పోలేదు. ప్రేతాత్మలతో సంభాషింపవచ్చునను విశ్వాసము ఆయనకు ముందే కలిగియుండెను. 1918లో పెద్దకుమారుని కోల్పోయిన పిమ్మట ఆయన దానియందే మునిగియుండెను. ఇద్దరు బాలికలు కాగితపు బొమ్మలతో కల్పించిన దేవకన్యల ఛాయాచిత్రములను నిజమని నమ్మి గ్రంథము వ్రాసెను. దుఃఖము ఎంతటివాని చూపునైనను మసకబార్చును గదా! 1930వ సంవత్సరము జూలై 7వ తేదీన డాయిల్ పరమపదించెను.

ఆయన నాటిన విత్తనము దేశదేశముల మొలకెత్తెను. తెలుగున కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధరుని సృష్టించి ఒక తరమును అలరించెను. కంప్యూటరు యుగమున హోమ్సు ఆటలలోనికి ప్రవేశించెను. 1984లో ఆస్ట్రేలియా వారు చేసిన ఆటలో ఆటగాడు మాటలు టైపు చేసి ఆజ్ఞలియ్యవలసియుండెను. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ఫ్రాగ్‌వేర్స్ సంస్థ 2002 నుండి వరుసగా హోమ్సు ఆటలను వెలువరించెను. ఆ సంస్థ 2014లో తెచ్చిన ఆటలో ఈటెపోటుతో హతుడైన ఓడ నాయకుని కథ కలదు. తిమింగలముల వేట చూచివచ్చిన డాయిల్ 1904లో ప్రకటించిన కథయే దానికి మూలము. ఆటగాడు ఆనవాళ్లు వెదకి, వానిని జతపరచి, నేరస్థుని తానే నిర్ణయింపవలెను. తొందరపడి నిరపరాధిని దోషిగా నిర్ణయించినను ఆట ఆగదు. కథ ముందుకు సాగిపోవును. స్వర్ణముఖీ తీరమున నాయుడుపేటలో కూర్చున్న విద్యార్థికిని, కీవ్‌లోని విద్యార్థికిని చిక్కు ఒక్కటే, బాధ్యతయు ఒక్కటే.

ఆటలో తప్పు తీర్పును మరల దిద్దుకొనవచ్చును. జార్జి ఎడల్జీ చెరసాలలో పోగొట్టుకొన్న 3 సంవత్సరములను ఎవ్వరును తిరిగి ఇయ్యలేకపోయిరి. ఒకరిని దోషియనుటకు ముందు కన్నులు తెరచి చూడవలెను. డాయిల్ తన కథలలో నేర్పినదియు, జీవితమున ఆచరించినదియు ఇదియే.